ఎవరి కోసం దాచుకున్న నీళ్ళు?

పోయిన ఎండాకాలం సెలవుల్లో నేనూ నా భార్యా ఉట్నూరు నుంచి భద్రాచలం దాకా మోటారు సైకిల్ మీద పోయాం. ఇద్దరమూ ఆశ్రమ పాఠశాలల్లో పంతుళ్ళం. నేను గోండును, ఆమె కోయ. ఆమె పుట్టిల్లు భద్రాచలం అవతల దుమ్ముగూడెం వైపు. తమ్ముడి పెళ్ళి మే నెలలో పెట్టుకున్నారు. బస్సులో పోదామని ఆమె అన్నది. దారిలో ఉన్న చుట్టాలను, మా దగ్గర చదువుకుని పట్నాల్లో పనులు చేసుకుంటున్న పిల్లలను చూసుకుంటూ పోదామని నేను బండి తీశాను. మంచిర్యాల, గోదావరిఖని, కరీంనగర్, హనుమకొండ, మహబూబాబాద్, ఇల్లెందు, కొత్తగూడెం మీదుగా 400 కిలోమీటర్లకు పైనే దారి. తెలంగాణలో ఎండకు పేరుపడ్డ ఊర్లు చాలా ఆ దారిలోనే ఉన్నాయి.

ఆ ప్రయాణంలో జరిగిన ఒక చిన్న సంగతి నన్ను ఏడాదిగా వదలడం లేదు. బయటికి చూస్తే అది పెద్ద తప్పేమీ కాదు, చట్టం దాన్ని నేరం అనదు. అయినా దాని లోపల ఒక ప్రశ్న ఉన్నది. మన వాళ్ళ కోసం దాచుకున్నది పరాయివాడికి ఇవ్వాలా? ఇవ్వనప్పుడు, మన వాళ్ళ కోసమే ఇవ్వలేదని చెప్పుకునే మాట ఎంతవరకు నిజం? చదువుకుని ఉద్యోగాలకు పోతున్న మన పిల్లలకు, వాళ్ళకు చదువు చెప్తున్న మనకు ఈ ప్రశ్న చాలా దగ్గరిది. అందుకే రాస్తున్నాను.

ఉట్నూరు నుంచి తెల్లవారుజామున బయల్దేరాం. జన్నారం వైపు అడవి దారి చల్లగా ఉన్నది. ఈ దిక్కుకే ప్రతి ఏడూ మెస్రం వంశం వాళ్ళు కేస్లాపూర్ నుంచి కాలినడకన వస్తారు. గోదావరిలో హస్తలమడుగు దగ్గర నీళ్ళు తీసుకుని మళ్ళీ కాలినడకన తిరిగిపోతారు. పుష్య అమావాస్య నాడు నాగోబాకు ఆ నీళ్ళతోనే పూజ. చిన్నప్పుడు ఆ నడకను చూసి మా నానమ్మను అడిగాను, “వాళ్ళకు దాహం వేస్తే ఆ నీళ్ళు తాగొచ్చా?” అని. “అవి వాళ్ళవి కావు బిడ్డా, వాళ్ళు మోస్తున్నారు అంతే” అన్నది. ఆ మాటకు అప్పుడు నాకు అర్థం తెలియలేదు. మన చేతిలో ఉన్నదల్లా మనది కాదని, కొన్నింటికి మనం మోసేవాళ్ళం మాత్రమేనని ఇప్పుడు అర్థం చేసుకుంటున్నాను.

మంచిర్యాల చేరేసరికి పొద్దు ఎక్కింది. గోదావరి వంతెన దాటి గోదావరిఖనిలోకి పోతుంటే గాలి మారిపోయింది. ఒక దిక్కు బొగ్గు గనులు, ఇంకో దిక్కు రామగుండం విద్యుత్ కేంద్రం పొగ గొట్టాలు. నల్లటి రోడ్డు కింది నుంచి, సూర్యుడు పై నుంచి. అడవిలో ఎండ వేరు, పట్నంలో ఎండ వేరు. అడవిలో చెట్టు ఎండను తను తాగి మనకు నీడ ఇస్తుంది. పట్నంలో సిమెంటు గోడ పగలంతా ఎండను దాచుకుని రాత్రంతా మన మీదికి వదులుతుంది.

అక్కడ ఒక చౌరస్తాలో చలివేంద్రం కనబడింది. తాటాకు పందిరి, తడి గుడ్డ చుట్టిన మట్టి కుండలు, పక్కన ఒక ముసలాయన. నీళ్ళు మట్టి కుండలోంచి సన్నగా ఊరి, గాలికి ఆరుతూ లోపలి వేడిని లాక్కుపోతాయి. తను కొంచెం పోగొట్టుకుంటేనే కుండ చల్లగా ఉంటుంది. మా సంచిలోని ప్లాస్టిక్ సీసా ఒక్క చుక్క కూడా పోగొట్టుకోలేదు. అందుకే దానిలో నీళ్ళు టీ లాగా కాగిపోయాయి. ముసలాయన మమ్మల్ని ఏ ఊరని గానీ, ఎవరని గానీ అడగలేదు. గ్లాసు నింపి ఇచ్చాడు. తాగి కదిలాం.

సాయంత్రానికి హనుమకొండ చేరాం. ఆ రాత్రి మా దూరపు బావ ఇంట్లో పడుకున్నాం. ఆయన మా వైపు గూడెం నుంచి మొట్టమొదట పెద్ద చదువు చదివి పెద్ద ఉద్యోగంలో చేరినవాడు. మంచి ఇల్లు కట్టుకున్నాడు. కడుపునిండా అన్నం పెట్టి ఏసీ గదిలో పడుకోబెట్టాడు. ఆ మర్యాదలో ఏ లోటూ లేదు. కానీ మాటల్లో ఊరి సంగతి వచ్చింది. ఊళ్ళో పదో తరగతి పాసైన పిల్లలు నలుగురు ఉన్నారు, వాళ్ళకు ఏ కాలేజీలో ఏ చదువు దొరుకుతుందో చెప్పేవాళ్ళు లేరు, నువ్వు రెండు రోజులు వచ్చి కూర్చుంటే చాలు బావా అన్నాను.

“రావాలనే ఉంటది. కానీ పిల్లల కోచింగు, ఇంటి అప్పు, ఆమె ఆరోగ్యం... వీళ్ళను విడిచి ఎట్ల వస్తా? నాదేముంది, అంతా వీళ్ళ కోసమే కదా” అన్నాడు.

ఆయన ఆ మాట అంటున్నప్పుడు ఆయన పెద్ద కూతురు అక్కడే కూర్చుని ఉన్నది. తండ్రి వైపు ఒకసారి చూసి తల దించుకున్నది. ఊరికి పోదామని ఆ పిల్ల తనే చాలాసార్లు అడిగిందని మా ఆవిడతో తర్వాత చెప్పిందట.

పడుకునే ముందు నేను మా ఆవిడతో బావ మీద చాలా మాటలు అన్నాను. మన పేరు మీద వచ్చిన ఉద్యోగం, మన పేరు మీద వచ్చిన చదువు, తిరిగి ఇచ్చే వేళకు మాత్రం పెళ్ళాం పిల్లలు అడ్డం వస్తారు అన్నాను. ఆమె ఏమీ అనలేదు. “పండుకో, రేపు ఇంకా ఎండ ఎక్కువుంటది” అన్నది.

మర్నాడు నర్సంపేట మీదుగా మహబూబాబాద్ చేరేసరికి ఆమెకు తల తిరిగింది. కళ్ళు ఎర్రబడ్డాయి. బస్టాండు పక్క దుకాణంలో కూర్చోబెట్టి ఓఆర్ఎస్ పొడి కలిపి తాగించాను. జేబులో ఉల్లిగడ్డ పెట్టుకోమని మా అమ్మ చెప్పిన మాటకు పొద్దున నవ్విన నేను, ఇప్పుడు ఉల్లిగడ్డ కూడా కొన్నాను. 20 రూపాయల సీసాలు రెండు కొన్నాం. ఎండ తగ్గేదాకా ఆగుదామన్నాను. కాసేపు కూర్చుని, తనకు బాగైందని, చీకటి పడకముందే భద్రాచలం చేరాలని ఆమె లేచింది. ఇల్లెందు వచ్చేసరికి ఒక సీసా అయిపోయింది.

ఇల్లెందును మన వాళ్ళు బొగ్గుట్ట అంటారు. 1871లో ఆ దగ్గర్లో బొగ్గు ఉన్నదని గుర్తించారు, 1889లో తవ్వడం మొదలైంది. సింగరేణి పేరు కూడా ఆ పక్క ఊరి పేరే. బొగ్గు పేరుతో పట్నాలు లేచాయి, రైలు వచ్చింది, కరెంటు వచ్చింది. ఆ నేల మీద అంతకుముందు నుంచీ ఉన్న కోయగూడేలు ఆ బొగ్గు నుంచి ఏం పొందాయో ఆ దారిలో పోయేవాళ్ళు ఎవరైనా కళ్ళతో చూడవచ్చు.

టేకులపల్లి దాటాక రోడ్డు మీద మనుషులు లేరు. నడి మధ్యాహ్నం. ఒక చోట చింతచెట్టు కింద ఒక మనిషి, పక్కన ఒక చిన్న పిల్ల నిలబడి ఉన్నారు. అతని చేతిలో ఖాళీ సీసా ఉన్నది. మా బండిని చూసి చెయ్యి ఎత్తినట్టు అనిపించింది. ఎవరో తెలియదు. తునికాకు పనికి వచ్చినవాళ్ళు కావచ్చు, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన గొత్తికోయలు కావచ్చు, బస్సు దిగి నడుస్తున్న వాళ్ళు కావచ్చు. నేను బండి ఆపలేదు. కొంచెం వేగం కూడా పెంచాను.

వెనక నుంచి ఆమె నా భుజం తట్టింది. “ఆపు” అన్నది. నేను ఆపకుండానే అన్నాను, “మన దగ్గర ఉన్నది ఒక్క సీసా. నీకు మళ్ళీ తల తిరిగితే?”

ఆమె మాట్లాడలేదు. రెండు మూడు కిలోమీటర్లు పోయాం. అప్పుడు అన్నది, “నన్ను అడిగినవా?”

నేను బండి ఆపాను. ఆమె కిందికి దిగి, మొహానికి కట్టుకున్న గుడ్డ తీసి, నా ఎదురుగా నిలబడి అన్నది, “నీకు ఆపబుద్ధి కాలేదు. భయమైందో, బద్దకమైందో, ఎండల ఎవరితోని మాట్లాడుతం అనుకున్నవో. అది చెప్పుకుంటే నాకు కోపం రాకపోవు. నా పేరు ఎందుకు చెప్పినవు? ఆ పిల్లకు నీళ్ళు ఇయ్యనిది నేనైన ఇప్పుడు.”

వెనక్కి తిప్పాను. చింతచెట్టు కిందికి వచ్చేసరికి అక్కడ ఎవరూ లేరు. రోడ్డు రెండు వైపులా చూశాం, లోపలికి పోయే కాలిబాట మీద కొంత దూరం నడిచాం, పిలిచాం. ఎవరూ పలకలేదు. ఏదో ఆటో ఎక్కి ఉంటారని, దగ్గర్లో గూడెం ఉంటే చేరి ఉంటారని నాకు నేను చెప్పుకున్నాను. అలాగే జరిగి ఉంటుంది. కానీ నాకు తెలియదు.

మళ్ళీ కొత్తగూడెం వైపు కదిలి, రోడ్డు పక్కనే ఉన్న ఒక గూడెంలో ఆగాం. ఒక ముసలమ్మ వాకిట్లో మునగాకు దూస్తున్నది. మమ్మల్ని చూడగానే లేచి లోపలికి పోయి చెంబుతో నీళ్ళు తెచ్చింది. మేము తాగిన తర్వాతనే ఏ ఊరు, ఎవరింటి వాళ్ళు అని అడిగింది. ఆమె వెనక కుండలో ఎన్ని నీళ్ళు ఉన్నాయో నేను చూశాను. అడుగున ఉన్నాయి. బోరింగు ఎక్కడుందని అడిగితే చెయ్యి చాచి చాలా దూరం చూపించింది. మేం ఇద్దరం బిందెలు తీసుకుని పోయి ఆమెకు నాలుగు బిందెలు తెచ్చిపెట్టాం. అది గొప్పకు చెప్పడం లేదు. చింతచెట్టు కింద ఇవ్వాల్సింది ఇక్కడ ఇస్తే ఆ లెక్క ఇక్కడ తీరదు. ఆ పిల్ల దాహం ఆ పిల్లదే.

ఇక ఆలోచన సంగతి.

ముందు నా తరఫున చెప్పగలిగిందంతా చెప్తాను. తన వాళ్ళను ముందు చూసుకోవడం తప్పు కాదు. తల్లి తన బిడ్డకు ముందు అన్నం పెడుతుంది, ఆ తల్లిని ఎవరూ తప్పు పట్టరు. లోకంలో దాహంతో ఉన్న అందరికీ నీళ్ళు ఇవ్వడం ఒక్క మనిషి వల్ల కాదు. నా భార్యకు ఆ పొద్దున నిజంగానే తల తిరిగింది. ఉన్నది నిజంగానే ఒక్క సీసా. ఎండదెబ్బతో మనుషులు చనిపోతారు. ఆ సీసా నీళ్ళ మీద ఆమె ప్రాణమే ఆధారపడి ఉంటే, ఆమెకోసం దాచడం నా ధర్మం. ఆ మాటకు ఇప్పుడు కూడా కట్టుబడి ఉన్నాను.

కానీ నేను ఆ లెక్క వేశానా? వేయలేదు. వేసి ఉంటే లెక్క ఇలా ఉండేది. సీసాలో లీటరు నీళ్ళు. కొత్తగూడెం అరగంట దూరం, అక్కడ దుకాణానికో సీసా దొరుకుతుంది. మధ్యలో గూడేలు ఉన్నాయి, ఏ గూడెంలోనూ మాకు నీళ్ళు లేవనరు. సగం సీసా ఇస్తే మాకు కలిగే నష్టం దాదాపు ఏమీ లేదు. ఆ పిల్లకు కలిగే మేలు మాత్రం చాలా పెద్దది. ఈ లెక్క వేయడానికి ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషం నేను తీసుకోలేదు. ముందు బండి వేగం పెంచాను, కారణం తర్వాత వెతుక్కున్నాను. వెతకగానే చేతికి అందిన కారణం నా భార్య.

ఇక్కడే అసలు చిక్కు ఉన్నది. స్వార్థం తన పేరుతో వస్తే మనం గుర్తుపట్టి సిగ్గుపడతాం. అది ప్రేమ పేరుతో వస్తే గుర్తుపట్టలేం. పైగా మెచ్చుకుంటాం, ఎంత బాగా చూసుకుంటాడో అంటాం. “నాకు ఇష్టం లేదు” అనే మాట నోటికి రాదు. “నా వాళ్ళ కోసం” అనే మాట తేలికగా వస్తుంది. అది అన్నప్పుడు రెండు తప్పులు ఒకేసారి జరుగుతాయి. దాహం వేసినవాడికి నీళ్ళు అందవు. ఎవరి పేరు చెప్పామో వాళ్ళ నెత్తిన వాళ్ళు చేయని తప్పు పడుతుంది. హనుమకొండలో తల దించుకున్న ఆ పిల్ల మొహం నాకు అప్పుడు గుర్తొచ్చింది. ముందు రాత్రి బావను నేను ఏ మాటలతో తిట్టానో, ఆ మాటలన్నీ మర్నాటి మధ్యాహ్నానికి నాకు సరిపోయాయి. అంతా విని కూడా ఆ రాత్రి ఏమీ అనని ఆమె, టేకులపల్లి దారిలో బావ పేరు కూడా ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం లేకపోయింది.

మరి నిజమైన ప్రేమకు, ప్రేమ పేరు చెప్పే సాకుకు తేడా ఎట్లా తెలుస్తుంది? నాకు తోచిన దారి ఒక్కటే. ఎవరి పేరు చెప్తున్నామో వాళ్ళను అడగడం. వాళ్ళు పక్కనే ఉంటారు చాలాసార్లు. బండి మీద వెనకే కూర్చుని ఉంటారు. అడిగితే వాళ్ళు ఇవ్వమనే అనవచ్చు. వద్దని కూడా అనవచ్చు. నా భార్య నీరసంగా ఉండి “నాకు కావాలి, ఇవ్వకు” అంటే అది ఆమె హక్కు, నేను వినాలి. చిన్న పిల్లలను, తెలివిలో లేని రోగిని అడగలేం, అప్పుడు వాళ్ళ బదులు మనమే తేల్చాలి, నిజంగా లెక్క వేసి తేల్చాలి. కానీ అడగగలిగి ఉండీ అడగకపోతే మాత్రం, అక్కడ ప్రేమ కంటే సాకే ఎక్కువ ఉందని అనుమానించాలి.

ఈ మాట ఒక ఇంటికే సంబంధించింది కాదు. మన జాతుల చరిత్రలో మనం దీన్ని రెండో వైపు నుంచి చాలా అనుభవించాం. ఆదివాసీల భూమి పోయినప్పుడల్లా ఎవరో ఒకరి పేరు చెప్పారు. దేశం కోసం అన్నారు, కరెంటు కోసం అన్నారు, రాబోయే తరాల కోసం అన్నారు, ఒక్కోసారి మా మేలు కోసమే అన్నారు. ఆ పేర్లన్నీ మంచివే. కానీ మమ్మల్ని అడిగారా? ఆ ప్రశ్నకు జవాబుగానే 1996లో పెసా చట్టం వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో భూమి తీసుకునే ముందు గ్రామసభను గానీ తగిన స్థాయి పంచాయతీని గానీ సంప్రదించాలని ఆ చట్టం చెప్తున్నది. ఆ చట్టం అమలు సంగతి వేరే చెప్పాలి. దాని వెనక ఉన్న నీతి మాత్రం నా భార్య అడిగిన రెండు పదాలే, “నన్ను అడిగినవా?”

ఈ ప్రశ్నను ప్రభుత్వాలను అడిగే హక్కు మనకు ఉన్నది. అడుగుదాం. కానీ ఇంట్లో, గూడెంలో, సంఘంలో కూడా మనల్ని మనం అడుగుకోవాలి. పట్నంలో ఉద్యోగం చేస్తున్న తమ్ముడు “పిల్లల కోసం” ఊరికి రాలేనంటే, ఆ పిల్లలను అడిగాడా? ఆడపిల్లను “ఆమె మంచి కోసమే” ఇంటర్ మానిపిస్తే, ఆమెను అడిగారా? “మన తెగ కోసం” పక్క తెగవాళ్ళకు ఏదీ దక్కొద్దని మైకులో మాట్లాడేవాడు, ఆ తెగలో పొద్దంతా కూలికి పోయే ఆడవాళ్ళను ఎప్పుడైనా కూర్చోబెట్టి అడిగాడా? పంతుళ్ళం మనం, “పిల్లల క్రమశిక్షణ కోసం” అని చేసే పనుల్లో ఎన్ని నిజంగా పిల్లల కోసం, ఎన్ని మన సౌకర్యం కోసం?

1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం అమరుడైన తర్వాత నిజాం ప్రభుత్వం పరిశీలనకు పంపితే హైమండార్ఫ్ మా ప్రాంతానికి వచ్చాడు. ఆయనా ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్తూ మార్లవాయిలో మా వాళ్ళ మధ్య ఉన్నారు. ఆయన చెప్పిన పథకాల వల్ల మార్లవాయిలో గోండు యువకులకు పంతుళ్ళుగా శిక్షణ మొదలైంది. 1987లో ఆమె చనిపోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. మా పంతుళ్ళ వరస అక్కడి నుంచి మొదలైంది. ఆ మొదటి తరం వాళ్ళకూ పెళ్ళాం పిల్లలు ఉన్నారు. నేర్చుకున్న అక్షరాలు తమ ఇంటికి మాత్రమే దాచుకుంటే ఇవాళ నేను ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు. వాళ్ళు మెస్రం వాళ్ళ లాగా నీళ్ళు మోసుకొచ్చారు. అవి తమవే అనుకోలేదు.

మా గోండిలో నీళ్ళను ఏర్ అంటాం. తెలుగులో ఏరు అంటే పారే వాగు. ఒకే చప్పుడు ఉన్న మాట, ఒక భాషలో తాగేదానికి, ఇంకో భాషలో పారేదానికి పేరు. క్లాసులో పిల్లలకు ఈ రెండూ పక్కపక్కన రాసి చూపిస్తాను. ఆ ప్రయాణం తర్వాత చూపించేటప్పుడల్లా నాకు ఆ చింతచెట్టు గుర్తొస్తుంది.

ఈ వ్యాసం అచ్చుకు ఇచ్చే ముందు నా భార్యకు చదవమని ఇచ్చాను. ఆమె పేరు మీద నడిచిన కథ కాబట్టి, ఈసారైనా ముందే అడగాలనుకున్నాను. పూర్తిగా చదివి వేసుకొమ్మన్నది. ఒక్క వాక్యం దగ్గర మాత్రం వేలు పెట్టింది. “చెయ్యి ఎత్తినట్టు అనిపించింది అని రాసినవు. అనిపించుడు ఏంది? ఎత్తిండు. మనిద్దరం చూసినం” అన్నది.

నిజమే. అతను చెయ్యి ఎత్తాడు, నేను చూశాను. పైన ఆ వాక్యాన్ని దిద్దకుండా అలాగే ఉంచాను. ఏడాది ఆలోచించి, తప్పు ఒప్పుకోవడానికి కూర్చుని రాస్తూ కూడా మనిషి ఎక్కడ తప్పించుకుంటాడో చదివేవాళ్ళకు తెలియాలి కదా.